బొంతలోకి పోయిన కొలతలు

"నీ కంప్యూటర్‌కు భుజం ఏడుంటదో తెల్వదు, మోచెయ్యి ఏడుంటదో తెల్వదు. దాని మాట ఇని గుడ్డ కోసినం సూడు, మాకు బుద్ధి లేదు."

"దానికేం తెలుస్తదే? మనం ఏది పెడితే అది చెప్తది. మీరే చీటీ సరిగ సదువుకోలే."

"సరిగనే సదివినం. టీచరమ్మ పేరు కింద ఎడమ భుజం ఏలున్నర దిగుడు అని ఉన్నది. ఆమె భుజాలు తరాజు కట్టె లెక్క సమానముంటయి. నీ కోడలు చీటీల ఉన్నట్టే దూది పెట్టి కుట్టింది. ఆమె ఏసుకొని అద్దంల సూసుకొని ఏమన్నదో తెల్సా? నన్నేమన్న మూటలు మోసుటానికి పంపుతున్రా అన్నది."

మా ఇంటాయన నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

"నవ్వకు. గా దూది ఎవరిదో నీకు ఎర్కలేదా?"

అప్పుడు ఆయన నవ్వు ఆగింది. మిషను ముందున్న కోడలు చేతిలో గుడ్డ పక్కన పెట్టి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ దూది ఎవరిదో ఆమెకు తెలియదు. ఎవరికీ చెప్పనని అంతకు ఇరవై రెండేళ్ల ముందు నేను ఒకామెకు మాట ఇచ్చాను. అప్పటికి ఈ కోడలు బడికి కూడా పోయి ఉండదు.

మేడ్చల్‌లో మా ఇంటి ముందుగదే మా దుకాణం. ఆడవాళ్ల జాకెట్లు, లంగాలు కుట్టేవాళ్లం. అది రెండువేల పదకొండు, వానలు వెనకబట్టిన రోజులు. నా కంటికి ఆపరేషన్ అయి నెల. ఆరు వారాలు మిషను ముందు కూర్చోవద్దని డాక్టరు చెప్పి పంపాడు. నల్ల అద్దాలు పెట్టుకుని మూల కుర్చీలో కూర్చుని చెవులతో పని చేయించేదాన్ని. కత్తెర చప్పుడు వింటే గుడ్డ నలుగుతున్నదా, సాఫీగా తెగుతున్నదా చెప్పగలను. కత్తెర ఎవరి కొలతకు నడుస్తున్నదో చెవికి ఎట్లా తెలుస్తుంది?

ఆ దూది దేవరయాంజాల్ ఆపాది. నేను ఆమెను ఆపా అనేదాన్ని, ఆమె నన్ను అక్కా అనేది. ఇద్దరిలో ఎవరు పెద్దో ఎప్పుడూ తేల్చుకోలేదు. ఆకుకూరలు పండించి ఆటోలో వేసుకుని మేడ్చల్ మార్కెట్‌కు తెచ్చేది. చిన్నప్పుడు బండి మీది నుంచి పడితే ఎడమ భుజం ఎముక విరిగి, వంకరగా అతుక్కున్నది. కుడి భుజం కంటే వేలున్నర కిందికి ఉండేది. చూసేవాళ్లకు అంత కనిపించదు. కానీ పైట ఆ భుజం మీదనే కదా నిలవాలి. జారిపోయేది. తలమీది కొంగు కూడా దానితోపాటే జారేది.

ఆమె మొదటిసారి నా దగ్గరికి వచ్చిన రోజు నీలం మీద తెల్ల చుక్కల నూలుగుడ్డ తెచ్చింది. మా ఆయనను బయటికి పంపమన్నది. తలుపు గొళ్లెం తనే పెట్టింది.

"అక్కా, గీ కొలత నీ తాననే ఉండాలె," అన్నది.

"ఉంటది," అన్నాను.

లోపలి అస్తర్‌కూ పైగుడ్డకూ నడుమ దూది పలచగా పరిచి, చుట్టూ సన్నగా కుట్టి, భుజాన్ని లేపాను. పైట నిలిచింది. ఆనాటి నుంచి ఆమె ఏ జాకెట్ కుట్టించుకున్నా ఆ దూది ఉండాల్సిందే.

ఇప్పుడు ఆమె బిడ్డ నిఖా. ఎల్లుండే. వియ్యాలవారు కౌకూర్ నుంచి వస్తారు. గుమ్మం దగ్గర నిలబడి వాళ్లను ఎదుర్కోవాల్సింది ఆపానే. అందుకని ఆకుపచ్చ పట్టుగుడ్డ పంపించింది. కోడలు దాన్ని ముందురోజే కోసి, భుజాలు కలిపి కుట్టింది. కంప్యూటర్ నుంచి ఆపా పేరు మీద వచ్చిన చీటీలో భుజం దగ్గర సున్నా ఉన్నది. చెయ్యి పొడుగు ఇంకెవరిదో ఉన్నది. పట్టుగుడ్డ ఆ ఇంకెవరిదో కొలతకు తెగింది. కోయడానికి ముందు ఒక్కసారి చీటీ చదివి వినిపించమని నేను అడగాల్సింది. ఆ కొలతలన్నీ నా నోటితో చెప్పినవే కదా అన్న ధీమాతో అడగలేదు.

"పోయి మల్ల కొలుసుకొస్తే అయిపాయె," అన్నాడు మా ఆయన.

"నిఖా ఇంట్ల మేనత్తలు, పినతల్లులు, సుట్టపోల్లు, అందరు కూసున్నరు. అందరి నడుమ ఆమెకు టేపు పెట్టి కొలువుమంటవా?"

పోదామన్నా బస్సులు లేవు. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు బంద్, బడులు బంద్, కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు.

"మరి నీ పేలికలు తియ్యి," అన్నాడు. "అండ్ల ఉంటది గదా ఆమె కొలత."

నేను ఎందుకు తియ్యలేదో చెప్పాలంటే ఆ పేలికల సంగతి చెప్పాలి.

నేను చదివింది మూడో తరగతి. అంకెలు వచ్చు, కానీ నా చేతికి అంకెలతో పనిపడలేదు. నాకు కుట్టు నేర్పిన మేనత్త టేపు వాడేది కాదు. గుడ్డ అంచు నుంచి చీరిన పేలికతో కొలిచేది. మనిషికి ఒక పేలిక. జాకెట్ పొడుగుకు పేలిక ఒక పక్కన ఒక గాటు, ఛాతికి రెండు గాట్లు, చేతికి రెండో పక్కన ఒక గాటు, అట్లా కత్తెర కొసతో గాట్లు పెట్టేది. నేను భుజానికి ముడి కలుపుకున్నాను. ఆపా పేలికకు తప్ప ఇంకే పేలికకూ ముడి లేదు. పేలిక కొసకు ఆ మనిషి మొదటి జాకెట్ గుడ్డలోంచి చిన్న ముక్క కుట్టేదాన్ని. అదే పేరు. చీకట్లో తడిమినా వాయిల్ ఎవరిదో, పాప్లిన్ ఎవరిదో నా వేళ్లకు తెలిసేది. గోడకు ఈ మూల నుంచి ఆ మూలకు దండెం కట్టి, వచ్చిన వరసలో ఒకదాని పక్కన ఒకటి వేలాడదీసేదాన్ని. దండెం మొదట్లో మా పక్కింటామె, చివర్లో బహదూర్‌పల్లి కాలనీలో కొత్తగా దిగిన టీచరమ్మ. గాలి వస్తే అన్నీ కలిసి ఊగేవి. టేపు కొనాల్సిన పని లేదు, పుస్తకం కొనాల్సిన పని లేదు. అంచు ఎట్లాగూ పారేసేదే.

రెండువేల పదిలో ఎలుకలు పడ్డాయి. ఒక్క వారంలో ఏడు పేలికలు కొరికి పెట్టాయి. మా ఆయన అదే అదనుగా తీసుకున్నాడు.

ఆయన ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పని చేసి రిటైరయ్యాడు. వయసులో ఉన్నప్పుడు కంపెనీ ఆయనను బేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్చుకోవడానికి పంపింది. బోల్టులు, నట్లు ఎన్ని ఉన్నాయో దానితో రాసిపెట్టేవాడట. రిటైరయ్యాక ఆ భాష ఆయన నోట్లోనే ఉండిపోయింది, మాట్లాడేందుకు మనిషి లేడు. ఒక నెట్ సెంటర్ మూసేస్తుంటే అక్కడి నుంచి ఒక పాత కంప్యూటర్ తెచ్చాడు. దాని మీద నా పాత చీర కప్పాను. దుమ్ము పడితే మళ్లీ రిపేరు కదా.

ఇప్పటి కంప్యూటర్‌లో ఆయన పాత బేసిక్ నడవలేదు. మా కోడలు డిగ్రీలో కంప్యూటర్లే చదివింది. ఆమెకు వచ్చింది సి అనే భాష. చంటిబిడ్డ పుట్టాక ఉద్యోగం ఊసు వదిలి నా పక్కన మిషను ఎక్కింది. ఆమే నెట్‌లో వెతికి ఒక ప్రోగ్రాం పట్టుకొచ్చింది. ఈయన బేసిక్‌లో రాస్తే అది సి లోకి తర్జుమా చేస్తుంది. ఆ సి ని ఇంకొక ప్రోగ్రాం కంప్యూటర్‌కు అర్థమయ్యేటట్టు చేస్తుంది. మామకూ కోడలికీ నడుమ దుబాసి కూర్చున్నట్టు ఉండేది. ఆయన ముసలి బేసిక్ ఆ పక్క నుంచి పడుచు సి అయి వచ్చేది. కోడలు ఆ వచ్చింది చదివి, "మామయ్యా, మీరు గిట్ల రాసిన్రా, అది సూడున్రి ఎట్ల జేసిందో," అని చూపించేది. ఆయన ముఖం వెలిగిపోయేది. మా పెళ్లయిన కొత్తలో కూడా ఆ వెలుగు నేను అంతగా చూడలేదు.

దండెం మీది పేలికలు ఒక్కొక్కటీ తీసి, నేను వేళ్లతో తడిమి చెప్తుంటే ఆయన టేపుతో కొలిచి ఎక్కించాడు. ఆపా పేలిక వచ్చినప్పుడు కోడలు బిడ్డకు స్నానం పోస్తున్నది. "భుజం ఏలున్నర, ఎడమది," అని మెల్లగా చెప్పాను. ఆయన ఎందుకని అడగలేదు, కంప్యూటర్‌లో టక్కున కొట్టి ఊరుకున్నాడు. మాట తప్పుతున్నానా అని ఒక్క క్షణం అనిపించింది. మొగునికి తెలిస్తే పరాయివాళ్లకు తెలిసినట్టు కాదని సర్దిచెప్పుకున్నాను.

అంతా ఎక్కించాక దండెం మీద పేలికలు ఇంకెందుకు? మంచి అంచు గుడ్డ, ఎలుకల పాలు చేయడమెందుకు? పేలికల కొసన ఉన్న రంగు ముక్కలు కత్తిరించి బొంత పైవరసకు అతికాను. పేలికలను లోపల నింపాను. మనుమరాలికి మెత్తని బొంత అయింది. దారం తప్ప ఖర్చు లేదని అందరికీ చూపించుకున్నాను కూడా.

అందుకే ఆ రోజు ఆయన పేలికలు తియ్యమంటే నేను కుర్చీలోంచి లేవలేదు.

"బొంతల ఉన్నయి," అన్నాను చివరికి.

"ఇప్పు మరి."

"ఇప్పితే ఏమొస్తది? పేర్లు పైన ఉన్నయి, కొలతలు లోపల ఉన్నయి. ఏది ఎవరిదో నాకే తెల్వదు."

"ఆపా పేలికకు ముడి ఉంటది గదా?"

"ముడి బొంతల ఒత్తుకుంటదని ఇప్పేసిన."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

కోడలే నడుమ పడింది. "మామయ్యా, కరెంటు ఉన్నది, ముందుగాల ఏం తప్పయిందో సూద్దాం పా," అని ఆయనను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

గంట సేపు ఇద్దరూ గొణుక్కున్నారు. నాకు అర్థం కావాలని కోడలు చెప్పిన తీరు ఇది. మామ ఐదు గంపలు పెట్టుకున్నాడు. ఒక గంపలో అందరి పేర్లు, ఒక దాంట్లో అందరి పొడుగులు, ఒక దాంట్లో ఛాతులు, ఒక దాంట్లో చేతులు, ఒక దాంట్లో భుజాలు. ప్రతి గంపలో పదోది పదో మనిషిది, ఇరవయ్యోది ఇరవయ్యో మనిషిది. మొదట ఆయన మూడు గంపలే పెట్టాడు. పేర్లను ఏ, బి, సి, డి వరసలో సర్దే తంతు అప్పుడే రాసి పక్కన పెట్టాడు. ఆ తర్వాత చేతులవీ భుజాలవీ రెండు గంపలు కలిపాడు. మొన్న, పేర్లు వెతకడం కష్టంగా ఉందని కోడలు అంటే, ఆ పాత తంతును నడిపించాడు. అది దానికి తెలిసిన మూడు గంపలనే సర్దింది. చేతులు, భుజాలు ఉన్నచోటనే ఉండిపోయాయి. పేరు ఒకరిది, చెయ్యి ఇంకొకరిది.

"పాత ఫైలు ఉన్నదా మామయ్యా?"

"దాని మీదనే కొత్తది రాసిన బిడ్డా."

నేను నా కుర్చీలోంచే అన్నాను. "మనిషిని ఐదు గంపలల్ల ఏసుడేంది? ఏలు ఒక తాన, మెడ ఒక తాన. నా పేలిక ఎట్లుండె? ఒక మనిషిది అంత ఒక్క తాననే ఉండె. ఏడికి జరిపినా అన్ని కలిసే జరుగుతుండె."

కోడలు కుర్చీలో ఇటు తిరిగింది. "గదే అత్తమ్మా. సి ల గట్ల పేలిక ఉంటది. స్ట్రక్చర్ అంటరు. పేరు, పొడుగు, ఛాతి, చెయ్యి, భుజం, అన్ని ఒక్కదాండ్లనే."

"మరి పెట్టకపోతివి?"

"మామయ్య రాసేది బేసిక్ గదా."

మా ఆయన మీసం దువ్వుకున్నాడు. ఆయనకు కోపం వచ్చిందంటే మీసం దువ్వుతాడు. "నా బేసిక్‌ల సి ఎందుకు బిడ్డా? రెండు కలిపితే కిచిడి అయితది. నేను సర్దే కాడ ఇంకో రెండు లైన్లు కలుపుత, అయిపోతది."

"రేపు నడుం కొలత కలపాలె అంటరు. మల్ల మర్సిపోతరు."

"మర్సిపోను."

"ఇప్పుడు మర్సిపోలేదా మామయ్యా?"

ఈ ఇంట్లో ఆయనకు అట్లా ఎదురు చెప్పింది అప్పటిదాకా నేనొక్కదాన్నే. నాకు లోలోపల సంతోషమే అయింది గానీ పైకి కనిపించనీయలేదు.

"కలుపొచ్చా రెండు భాషలు? తర్జుమా చేసెటిది ఊకుంటదా?" అని కోడలిని అడిగాను.

లైను మొదట్లో ఆశ్చర్యార్థకం గుర్తు పెడితే ఆ లైనును తర్జుమా చేయకుండా ఉన్నదున్నట్టు సి లోకి దాటిస్తుందని చెప్పింది. మిగిలినదంతా బేసిక్‌లోనే రాసుకోవచ్చునట.

నేను మా ఆయనను అడిగాను. "అస్తర్‌ను తెలుగుల ఏమంటవ్?"

ఆలోచించాడు. "అస్తరే అంట."

"కాజాను?"

"కాజానే."

"అంచు మడిచి కుట్టే తురపాయిని?"

ఆయన చెయ్యి మీసం మీది నుంచి దిగింది.

"దర్జీ పనంత ఉర్దూల ఉన్నది. మనం తెలుగులనే మాట్లాడుతం, నడుమ ఆ మాట అట్లనే ఏస్తం. ఎవరన్న కిచిడి అన్నరా? నీ బేసిక్‌ల ఆ పిల్ల సి మాట ఒకటి ఏస్తే నీదేం పోయింది?"

ఆయన కుర్చీ కొంచెం పక్కకు జరిపాడు. అంత పెద్దమనిషి ఒప్పుకోలు ఆ జరగడంలోనే ఉంటుంది. కోడలు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

అంతలో కరెంటు పోయింది. మళ్లీ మధ్యాహ్నం రెండింటికి వచ్చింది.

స్ట్రక్చర్ రాయడం కోడలికి ఎంతో సేపు పట్టలేదు. పేరుకు ఎన్ని అక్షరాల జాగా పెట్టాలో అని మామను అడిగింది. బేసిక్‌లో పేరు ఎంత పొడుగున్నా దానంతట అదే సాగుతుందట. సి లో ముందే ఇంత అని కోసి పెట్టాలట. నలభై పెడదాం అన్నది. నాకు ప్రాణం ఒప్పలేదు. ఆడమనిషి పేరుకు నలభై అక్షరాల జాగా ఎందుకు? ఖాళీగా పడి ఉండటానికా? పన్నెండు చాలన్నాను. ఆ రోజు నా మాట మీద ఇద్దరికీ ఎందుకో గౌరవం ఎక్కువగా ఉండింది, పన్నెండే పెట్టారు.

ఇప్పుడు అసలు చిక్కు. చేతుల గంప, భుజాల గంప కదలలేదు కాబట్టి అవి పాత వరసలోనే ఉన్నాయి. అంటే దండెం వరసలో. ఆ వరస తెలిస్తే ఎవరివి వాళ్లకు ముడి పెట్టొచ్చు. దండెం ఖాళీ.

కోడలు మెల్లగా అడిగింది. "అత్తమ్మా, బొంతకు ముక్కలు ఎట్ల కుట్టినవ్? ఇష్టమొచ్చినట్టు కలిపినవా?"

నేను కుర్చీలో ముందుకు జరిగాను. రంగులు చూసి సరిపెట్టే తీరిక నాకెక్కడిది? దండెం మీది నుంచి ఒక్కోటి తీసుకుంటూ, కత్తిరిస్తూ, వరసగా కుట్టుకుంటూ పోయాను. వరస నిండితే కిందికి దిగి మళ్లీ ఎడమ నుంచి.

"బొంత తెండ్రి," అన్నాను.

మనుమరాలు దాని మీదనే పడుకుని ఉన్నది. దానిని ఎత్తి నా ఒళ్లో వేసి, బొంతను నా మోకాళ్ల మీద పరిచారు. నల్ల అద్దాల వెనక నాకు రంగులు మసక. వేళ్లు చాలు. మొదటి ముక్క మీద వేలు పెట్టాను. గరుకు పాప్లిన్. మా పక్కింటామె. పేరు చెప్పాను, మా ఆయన కొట్టాడు. రెండోది పలచని మల్లు గుడ్డ. చనిపోయిన మా వదినది. వదినది అన్నాను, పేరు ఆయనే కొట్టుకున్నాడు. మూడోది, నాలుగోది. శామీర్‌పేట చెరువు కట్ట కింద పొలం ఉన్న అక్కాచెల్లెళ్లిద్దరివీ ఒకే తాను గుడ్డ, పక్కపక్కనే. ఒక ముక్కకు ఇస్త్రీ పెట్టె కాలిన మచ్చ ఉంది, అది మిషను కొన్న కొత్తలో నేను చేసిన నిర్వాకం. ముప్ఫై ఏళ్లలో నా దగ్గర కుట్టించుకున్న ఆడవాళ్లు నా వేళ్ల కింద నుంచి ఒక్కొక్కరే నడిచిపోయారు. వాళ్లలో ఎందరి ఇళ్లలో నేను అన్నం తిన్నానో, ఎందరి బిడ్డలకు మొదటి లంగా కుట్టానో ఆ పొద్దు గుర్తొచ్చినంతగా ఎప్పుడూ గుర్తు రాలేదు. ఒళ్లో మనుమరాలు బొంత కొస నోట్లో పెట్టుకుని చీకుతున్నది. తియ్యబోతే ఏడ్చింది, వదిలేశాను.

కోడలు లెక్క చదువుతున్నది. ముప్ఫై ఎనిమిది. ముప్ఫై తొమ్మిది. నలభై. నా వేలు చుక్కల గుడ్డ మీద పడింది. చుక్కలు చేతికి తగలవు, కానీ ఆ నూలు ఉతికి ఉతికి మెత్తబడ్డ తీరు నాకు తెలుసు.

"ఆపా," అన్నాను.

"నలభై ఒకటి," అన్నది కోడలు. కంప్యూటర్‌లో భుజాల గంప కిందికి దింపుకుంటూ పోయింది. సున్నా, సున్నా, సున్నా అని చదువుతూ ఆగింది. "నలభై ఒకటోది ఒకటిన్నర ఉన్నది అత్తమ్మా."

నా ఇరవై రెండేళ్ల మాట అక్కడితో తీరిపోయింది. కోడలికి తెలిసిపోయింది.

"ఆపాదా గా దూది?" అని అడిగింది.

"ఔ."

"ఎవ్వలకు చెప్ప," అన్నది. నేను అడగకముందే.

సున్నా కాని భుజం ఆపాదొక్కటే కాబట్టి, బొంత లేకున్నా దాన్ని బట్టే ఆమెది దొరికేదని అప్పుడు గానీ నాకు తట్టలేదు. అయినా మిగతా పేర్లు కూడా ముగించాం. ఆపా ఒక్కతెదే తీసుకుని గుడ్డ కుట్టుకుందాం అన్నాడు ఆయన. ఒక్కరిది సరిచేసి మిగతా వాళ్లవి తప్పుగా వదలడం నా వల్ల కాదన్నాను. అంతా ఎక్కాక, కోడలు స్ట్రక్చర్లను పేర్ల వరసలో సర్దింది. ఈసారి పేలికకు పేలిక కదిలింది. మా ఆయన చదివాడు. ఆయన బేసిక్ లైనులోనే మనిషి తర్వాత ఒక చుక్క, చుక్క తర్వాత చెయ్యి అని ఉండేదట. ఆ చుక్క నాకు బాగా నచ్చింది. పేలికకు రంగు ముక్కను పట్టి ఉంచే కుట్టు లాంటిది.

అన్నీ సరిగ్గా వచ్చాయి, ఒక్కామెవి తప్ప. ఆమె పేరు, ఇంటిపేరు కలిస్తే చాంతాడంత. ఆమె జాకెట్ పొడుగు మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా వచ్చింది.

మా ఆయన అద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. కోడలు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అత్తమ్మా, పన్నెండు చాలంటివి. పేరు పట్టక పొర్లి పక్కన ఉన్న పొడుగు మీద పడ్డది. గుడ్డకేమో మార్జిన్ ఇడువు, మార్జిన్ ఇడువు అని నెత్తి మీద కూసుంటవ్, పేరుకు ఇడువద్దంటివి."

ముప్ఫై ఏళ్లుగా మడతకు గుడ్డ వదలమని అందరికీ చెప్పినదాన్ని నేనే. "పెట్టు నలభై," అన్నాను. ఆ పొద్దు ఇంకెవరి తప్పూ ఎంచలేదు.

నాలుగు దాటాక ఆపా చీటీ వచ్చింది. కోడలు అంకెలు చదువుతుంటే, అవి సరైనవని నా వేళ్లు ఒప్పుకున్నాయి. పట్టుజాకెట్ చేతులు రెండు వేళ్లు పొట్టిగా తెగాయి. నేను ఎవరి గుడ్డలో మిగిలిన ముక్కలైనా సంచిలో చుట్టి వాళ్లకే తిరిగి ఇస్తాను, అగ్గిపెట్టె అంత ముక్క కూడా పారేయను. ఆ సంచిలో జరీ అంచు తుంట దొరికింది. దాన్ని చేతుల కొసలకు అతికితే కావాలని పెట్టిన అంచులాగే ఉన్నది. ఎడమ భుజం కుట్టు విప్పితే, లోపల మార్జిన్ ఉంది కాబట్టి దూదికి జాగా దొరికింది. దూది ఎట్లా పరవాలో కోడలి చెయ్యి పట్టుకుని చూపించాను. నడుమ మందం, కొసలకు పోయేకొద్దీ ఏమీ లేనట్టు. దీపాలు పెట్టే వేళకు చివరి కాజా అయింది.

ఇప్పుడు ఆ ముందుగదిలో మిషను లేదు. ఆయన కంప్యూటర్ ఎప్పుడో పాడైంది. అందులోని ప్రోగ్రాం మాత్రం కోడలు ఎక్కడికో ఎక్కించి దాచింది, అప్పుడప్పుడు తీసి చూసుకుంటుంది. బొంత నా దగ్గరే ఉంది. చలికాలం మోకాళ్ల మీద వేసుకుంటే వేళ్లు వాటంతట అవే మొదటి ముక్క దగ్గరికి పోతాయి. మనుమరాలు చీకిన కొస ఇప్పటికీ గట్టిగానే ఉంది.

ఆనాడు జాకెట్ అయ్యాక, మర్నాడు పొద్దున ఆయన సైకిలు తీసి దాన్ని పట్టుకుని దేవరయాంజాల్ పోవడానికి గాలి కొట్టుకుంటుంటే, ఆపానే ఆటో దిగింది. నిఖా ఇంట్లో కొత్తిమీర తక్కువ పడిందని చెప్పి బయటపడిందట, తన మడిలోనే కొత్తిమీర ఉన్నదాయె. లోపలి గదిలోకి పోయి గొళ్లెం పెట్టుకుని, వేసుకుని వచ్చింది. పైట భుజం మీద వేసుకుని, తల మీదికి కొంగు లాక్కుని, వంగింది, లేచింది, రెండు చేతులూ ముందుకు చాపి ఎవరినో ఎదుర్కొన్నట్టు చూసుకుంది. పైట కదలలేదు.

"ఆపా, నీ కొలత ఇంకిద్దరికి తెల్సింది," అన్నాను. "మా ఆయనకు, మా కోడలికి. తప్పు నాదే."

ఆమె కోడలి వైపు చూసింది. కోడలు తల వంచుకుని మిషనులో దారం ఎక్కిస్తున్నది.

"నువ్వు ఎన్ని దినాలు కుడుతవ్ అక్కా? నీ ఎనుక కుట్టెటోల్లకు తెల్వద్దా?" అన్నది. అని చేతుల కొసల్లోని జరీ అంచు తడిమి చూసుకుంది. "గిది నేను చెప్పలేదు గదా?"

"బాగుంటదని పెట్టినం," అన్నాను.

జాకెట్ విప్పి కాగితంలో చుట్టుకుని, మార్కెట్‌లో రెండు కట్టలు కొత్తిమీర కొనుక్కుని, అదే ఆటోలో వెళ్లిపోయింది. తొమ్మిదింటికి కరెంటు పోయింది. కోడలు టీచరమ్మ జాకెట్ తీసి భుజంలో దూది విప్పడం మొదలుపెట్టింది.